ట్యాగ్ ఉన్న పండుగప్ప వలలో పడితే చెప్పాలా, దాచాలా?

బలుసుతిప్ప కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది కాట్రేనికోన మండలం. ఊరికి ఒకవైపు సముద్రం, మిగతా వైపులన్నీ గోదారి పాయలూ మడ అడవీ, కాబట్టి దాదాపు దీవి కిందే లెక్క. నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను, ఇంట్లో నాన్నది, బాబాయిది వేటే. ఊళ్లో నడుస్తున్న ఒక గొడవ గురించి అడుగుతున్నాను. చేపల చదువు చదివినవాళ్లూ, రోజూ వేటకి వెళ్లేవాళ్లూ ఇద్దరూ చెప్పండి.

వేసవిలో ఒక పరిశోధన బృందం మా పాయల్లోకి వచ్చింది. పండుగప్పల్ని పట్టి, పొడవు కొలిచి, వీపు రెక్క కింద పసుపురంగు సన్నటి ప్లాస్టిక్ దారం లాంటిది గుచ్చి మళ్లీ నీళ్లలో వదిలేశారు. దాని మీద ఒక నంబరు, వాళ్ల ఫోన్ నంబరు ఉంటాయి. ఎవరి వలలోనైనా ఆ చేప పడితే ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత పొడవుంది అన్నది ఫోన్ చేసి చెప్పమన్నారు. చిన్న బహుమతి కూడా ఇస్తామన్నారు. ఆ రోజు అందరూ తలూపారు.

ఇప్పుడు మా బాబాయి వలలో ఒకటి పడింది. చేప వేలం పాటలో వెళ్లిపోయింది, ట్యాగ్ మాత్రం కోసి ఇంట్లో పెట్టాడు. ఫోన్ చేద్దామని నేను అంటే ఊళ్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు. "ఇవాళ నంబరు అడుగుతారు, రేపు ఎన్ని కేజీలు పట్టావని అడుగుతారు, ఎల్లుండి ఇంతకి మించి పట్టకూడదని రేవులో బోర్డు పెడతారు, మనంతట మనమే సాక్ష్యం ఇవ్వడం దేనికి" అని వాళ్ల మాట. దాచేస్తే అసలు లెక్కే తేలదు, లెక్క తేలకపోతే రూలూ రాదు అని కూడా అంటున్నారు. నేను నెట్‌లో చూస్తే చిన్న చిన్న దీవుల్లో నిజంగానే చేపలకి ట్యాగులేసి, తర్వాత పరిమితులు పెట్టిన చోట్లు ఉన్నాయి, అందుకే వాళ్లకి ఎదురు చెప్పలేకపోయాను. అసలు ఆ నంబరుతో వాళ్లేం చేస్తారు? దాచేస్తే ఏమవుతుంది? బాబాయి అడుగుతున్నాడు, నా దగ్గర జవాబు లేదు.

చేపల చదువు

తమ్ముడూ, నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను, ట్యాగింగ్ పని దగ్గరుండి చేశాను. ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే మీ ఊళ్లో భయమంతా ఆ లెక్క ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్ల వచ్చిందని నాకనిపిస్తోంది.

ఒక పాయలో 100 పండుగప్పలకి ట్యాగ్ వేసి వదిలామనుకో. అవి మిగతావాటిలో కలిసిపోయాక మీ వలల్లో మొత్తం 50 పడ్డాయి, అందులో 5 కి ట్యాగ్ ఉంది. అంటే పదింటికి ఒకటి. మనం వేసింది 100 కాబట్టి పాయలో ఉన్నవి వెయ్యి దాకా ఉండాలి. 1890ల్లో డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త చేపలకి ఇలా గుర్తులు పెట్టాడు, ఈ లెక్క ఆయన పేరుతోనే నడుస్తోంది, ఇప్పుడు కంప్యూటర్లలో ఎంత పెద్ద లెక్క వేసినా దాని అడుగున ఉండేది ఇదే.

అయితే పాయ అనేది చెరువు కాదు. పోటుకి లోపలికి, పాటుకి బయటికి చేప కదులుతూనే ఉంటుంది, పండుగప్ప అయితే గుడ్లు పెట్టడానికి ఉప్పు నీళ్లు వెతుక్కుంటూ మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకా దిగుతుంది. కొన్ని ట్యాగులు ఊడిపోతాయి. అందుకే కొన్ని చేపలకి రెండేసి గుచ్చుతారు, ఒకటి ఊడి ఒకటి మిగిలినవి ఎన్ని దొరికాయో చూసి ఊడే లెక్క కడతారు. గుచ్చేటప్పుడు తడి చేత్తో పట్టుకోకపోయినా, ఎక్కువసేపు పైన ఉంచినా కొన్ని చచ్చిపోతాయి, అదీ లెక్కలోకి తీసుకుంటారు. ఇవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది దొరికిన ట్యాగ్ గురించి చెప్పకపోవడం.

దాచేస్తే లెక్క తేలదు అని మీ పెద్దవాళ్లు అనుకుంటున్నారు కదా, తేలుతుంది, కాకపోతే తప్పుగా తేలుతుంది. పై లెక్కలోనే చూడు. 50 చేపల్లో 5 కి ట్యాగ్ ఉంటే 3 దాచేశారు, చెప్పింది 2 మాత్రమే. అప్పుడు యాభైకి రెండు, అంటే పాయలో 2,500 చేపలు ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఉన్నది మాత్రం వెయ్యే.

ఇక పరిమితి గురించి. మన దేశంలో సముద్రపు వేటకి మనిషికి ఇన్ని కేజీలు అని కోటా లేదు. ఉన్నవి వేరే రకం: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం, వల కన్ను ఎంత ఉండాలన్న రూలు, ఒడ్డుకి దగ్గరగా మర పడవలు రాకూడదన్న రూలు. కేరళలో దాని మీద ఇంకొకటి పెట్టారు, చేప కనీసం ఎంత పొడవు ఉంటే పట్టొచ్చు అని 58 రకాలకి కొలత ఖరారు చేశారు, కవ్వళ్లు (అక్కడి మత్తి) 10 సెంటీమీటర్లు, కానగంతలు 14 సెంటీమీటర్లు అలా. కాబట్టి మీ దగ్గర ఏదైనా వస్తే కేజీల లెక్క కన్నా పొడవు లెక్క వచ్చే అవకాశమే ఎక్కువ.

పండుగప్పకి ఈ పొడవు లెక్క ఎందుకు ముఖ్యమో చెబుతాను, ఇది మీ నాన్నగారికి కూడా చెప్పు. పండుగప్ప మొదట మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్ద చేపలన్నీ దాదాపు గుడ్ల చేపలే. చిన్నవి పట్టేస్తే మగవి కూడా కాకముందే పోతాయి, మరీ పెద్దవి పట్టేస్తే తల్లులు పోతాయి. ఆస్ట్రేలియాలో ఇదే చేపని బారముండి అంటారు, అక్కడ క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపువి, 120 సెంటీమీటర్లు దాటినవి పట్టకూడదు, మధ్యవి మాత్రమే పట్టాలి. మన గోదారి నీళ్లలో ఏ పొడవులో మారుతుంది, ఏడాదికి ఎంత పెరుగుతుంది అన్నది ఆస్ట్రేలియా కాగితం చూసి రాసేయకూడదు, ఇక్కడే కొలవాలి. ట్యాగ్ వేసిన రోజు పొడవు, మళ్లీ దొరికిన రోజు పొడవు, ఈ రెండూ ఉంటే చాలు పెరుగుదల తెలుస్తుంది. మీ బాబాయి దగ్గరున్న నంబరు విలువ అది.

భైరవపాలెం నావ

చదువుకున్నాయన చెప్పిన లెక్క అర్థమైంది, తప్పు పట్టడం లేదు. కానీ మీ లెక్క ప్రకారమే దాచేస్తే చేపలు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది కదండీ, ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తే మా మీద పరిమితి పెట్టరు కదా, మరి మాకు దాచడమే లాభం కాదా? ఊళ్లో పెద్దవాళ్లు తెలివి లేక అనడం లేదు.

నా బాధ వేరు. నేను ముప్పై ఏళ్లు దాటి వేటలో ఉన్నాను, మా నాన్న కాలంలో 61 రోజుల నిషేధం లేదు, తర్వాత 47 రోజులు వచ్చింది, 2015లో 61 చేశారు. మేము ఆగాం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం, ఆగితే మనకే మంచిదన్నారు, ఒప్పుకున్నాం. ప్రభుత్వం ఇచ్చే సాయం 10,000 ఉండేది, ఇప్పుడు 20,000 చేశారు, అదీ కాదనను, ఇంజను ఉన్న నావలకి, వాటి మీద వెళ్లే కలాసీలకి అందింది. కానీ నిషేధం అయిపోయిన మర్నాటి నుంచి ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపలికి మర పడవలు రాకూడదన్న రూలు ఎవరు చూస్తున్నారు? రాత్రిపూట లైట్లు ఆర్పేసుకుని మొగల దగ్గర వలతో అడుగంతా గీసుకుంటూ పోతాయి. ఆ వల అడుగున కన్ను ఎంత ఉంటుందో చూస్తే కడుపు మండుతుంది. వేలెడంత గొరకలు, సావళ్ల పిల్లలు, అన్నీ కలిపి చెత్త చేప అని పొడి ఫ్యాక్టరీలకి అమ్ముతారు. మా పాయలో పెరగాల్సిన పిల్లే అది.

టైగర్ రొయ్య జోరు మీదున్న రోజుల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి, కుర్రాళ్లకి తెలియదు. చెరువుల కోసం రొయ్య పిల్లని ఇక్కడే దోమతెరలాంటి వలలతో తోడేవారు, ఆడవాళ్లూ పిల్లలూ నడుంలోతు నీళ్లలో నిలబడి పట్టేవారు. బేసిన్‌లో పోసి రొయ్య పిల్లని ఏరుకుని మిగతా చేప పిల్లంతా ఇసకలో పారబోసేవారు. హేచరీలు వచ్చాక అది తగ్గింది. అప్పుడు చేప తగ్గుతోందని మేము మొత్తుకుంటే వినేవాళ్లు లేరు. ఇప్పుడు తగ్గాక వచ్చి మమ్మల్ని కొలుస్తున్నారు.

ఇంకో మాట. వచ్చినవాళ్లు కొలుస్తారు, ఫొటోలు తీస్తారు, టీ తాగుతారు, వెళ్తారు. ఫలితం ఏమొచ్చిందో రేవుకి వచ్చి చెప్పినవాడిని నేను చూడలేదు. నేను ట్యాగ్ ఇవ్వనని అనడం లేదు, ఇస్తే నాకేం తెలుస్తుంది, లెక్క తేలాక ముందు ఎవరి వల ఆపుతారు, ఈ రెండింటికీ జవాబు కావాలి.

మాల్దీవుల మాస్టారు

నేను అమలాపురం మనిషిని, మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో బడిలో పాఠాలు చెబుతున్నాను. మా దీవిలో సగం ఇళ్లలో ట్యూనా వేటే. కుర్రాడు దీవుల సంగతి అడిగాడు కాబట్టి ఇక్కడ చూసింది, చదివింది రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

ఇక్కడ ట్యూనాని వలతో పట్టరు. చిన్న ఎర చేపల్ని బతికుండగానే నీళ్లలో చల్లి, నీటి తుంపర కొట్టి, గుంపు పైకి వచ్చాక గడకర్రకి కట్టిన ముల్లు లేని కొక్కెంతో ఒక్కొక్కటీ లాగుతారు. వీళ్లకి ఉన్న కష్టం ఏమిటంటే, అదే ట్యూనా సముద్రమంతా తిరిగేది, అవతల పెద్ద పెద్ద కంపెనీ ఓడలు కిలోమీటరు పైగా పొడవున్న వలతో గుంపు మొత్తాన్ని చుట్టేస్తాయి. అంటే భైరవపాలెం ఆయన చెప్పిన కథే, నీళ్లు మాత్రం పెద్దవి.

1990ల్లోనే ఇక్కడ ట్యూనాకి ట్యాగులు వేశారు. తర్వాత 2005లో హిందూ మహాసముద్రం మొత్తానికి పెద్ద ఎత్తున మొదలుపెట్టారు, ఐరోపా సమాఖ్య డబ్బుతో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ నడిపింది. 1,68,000 కి పైగా ట్యూనాలకి ట్యాగులు గుచ్చి వదిలారు. దొరికిన ట్యాగుల్లో ఎక్కువ భాగం సీషెల్స్‌లోని విక్టోరియా రేవులో ఓడల నుంచి చేప దించేటప్పుడు బయటపడ్డాయి. అక్కడ ఒక పని చేశారు, అది నాకు చాలా నచ్చింది. రేవు కూలీలూ ఓడవాళ్లూ దొరికిన ట్యాగులన్నీ చెబుతున్నారా లేదా అని తెలుసుకోవడానికి, ఓడల మీద చచ్చిన చేపలకే ఎవరికీ చెప్పకుండా కొన్ని ట్యాగులు గుచ్చి గుట్టలో కలిపేశారు. వాటిలో ఎన్ని తిరిగి వచ్చాయో చూస్తే, చెప్పనివి ఎన్నో తెలిసిపోతుంది కదా. కాబట్టి దాచినా కూడా కొంత వరకు పట్టుకునే పద్ధతులు ఉన్నాయి, ఊళ్లో పెద్దవాళ్లకి ఇది కూడా చెప్పండి.

పరిమితి పెట్టాక ఏమైందన్నది అసలు విషయం. 2016లో ఆ కమిషన్‌లో స్కిప్‌జాక్ ట్యూనాకి ఒక సూత్రం ఒప్పుకున్నారు, చేప ఎంత ఉందో దాన్ని బట్టి పట్టేది ఎంతో తేలాలి అని. దీని కోసం గట్టిగా పట్టుబట్టిన దేశాల్లో మాల్దీవులు ముందుంది. ఆ సూత్రం ప్రకారం 2018 నుంచి 2020 దాకా ఏడాదికి 4,70,029 టన్నులు అని తేల్చారు. కానీ ఏ దేశానికి ఎంత అన్నది పంచలేదు. పంచకపోతే ఏమవుతుంది, ఎవరికి వారు పట్టుకుంటూ పోయారు, పరిమితి దాటిపోయింది. అందుకే నేను చెప్పేది, మీ పాయకి ఎప్పుడైనా పరిమితి మాట వస్తే మొత్తం ఎంత అన్నది ఒక్కటే అడిగి ఊరుకోకండి, అందులో ఎవరి వాటా ఎంత అని మొదటి రోజే అడగండి.

ఆ 2016లోనే ఎల్లోఫిన్ ట్యూనాకి పెట్టిన కోతలు ఇంకో రకం. చుట్టు వలల పెద్ద ఓడల విషయంలో, 2014లో 5,000 టన్నులు దాటి పట్టిన దేశాలే 15 శాతం తగ్గించుకోవాలన్నారు. తక్కువ పట్టేవాళ్ల జోలికి రాలేదు. ఆ కోతలు కూడా అనుకున్నంత పని చేయలేదు, అది వేరే సంగతి, కానీ ఎక్కువ పట్టేవాడి దగ్గర మొదలుపెట్టాలి అన్న మాట అంతర్జాతీయ కాగితంలోనే ఉంది. భైరవపాలెం గారూ, మీరు అడిగే రెండో ప్రశ్నకి అది ఆధారం, వాడుకోండి.

ఇంకో దీవి గురించి చెప్పి ఆపుతాను. దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టాన్ డ కున్యా అని ఉంది, 250 మంది లోపే జనం, వాళ్ల రాబడిలో పెద్ద భాగం రాతి రొయ్యే (లాబ్‌స్టర్). అక్కడి నాలుగు దీవులకి కలిపి ఒకే పరిమితి పెట్టకుండా, ఒక్కో దీవికి ఒక్కో పరిమితి పెట్టుకున్నారు. 2011లో నైటింగేల్ దీవి దగ్గర ఒక సరుకు ఓడ రాళ్లకి కొట్టుకుని నూనె ఒలికిపోతే, ఆ దీవి చుట్టూ వేట ఆపేశారు, సొంత దీవి దగ్గర పట్టుకోగలిగారు. తర్వాత కొలిచి చూసుకుంటూ తక్కువ పరిమితితో మళ్లీ తెరిచారు. ఒక్కో చోటికి విడి లెక్క ఉండడం వల్ల మొత్తం బతుకు ఆగలేదు. మన డెల్టాలో కూడా గౌతమి మొగ వేరు, వైనతేయ మొగ వేరు, వశిష్ఠ మొగ వేరు. అంతర్వేది లెక్క తెచ్చి బలుసుతిప్ప మీద పెడితే ఒప్పుకోకూడదు. అలా పెట్టకుండా ఉండాలంటే మీ పాయ లెక్క మీ దగ్గర ఉండాలి.

యానాం సంత

మాది యానాం, మార్కెట్‌లో చేపలు అమ్ముతాం, మా అత్తగారి నుంచి నాకు వచ్చిన గంప ఇది. అందరూ వలలో పడిన చేప గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. ట్యాగ్ చాలాసార్లు నావలో కనిపించదండీ. రాత్రి చీకట్లో వల దులిపి ఐస్ బాక్సులో వేసేస్తారు, పొద్దున పాట హడావిడిలో ఎవరూ చూడరు, చేప మా దగ్గరికి వచ్చి మేము పొలుసు తీసేటప్పుడు చేతికి తగులుతుంది. మాకు అది ఏమిటో ఎవరూ చెప్పలేదు. ప్లాస్టిక్ ముక్క అనుకుని పొలుసుతో పాటు పడేస్తాం. రేవులో మగవాళ్లని కూర్చోబెట్టి మీటింగ్ పెడితే సగం ట్యాగులు మురుక్కాలవలోకి పోతాయి. బల్లల దగ్గరికి వచ్చి మాకు చూపించాలి, బహుమతి అంటూ ఉంటే దొరికిన చేతికి ఇవ్వాలి.

రెండో సంగతి. యానాం పుదుచ్చేరి కింద, ఏటికి అవతల ఆంధ్రా. చేపకి ఆ గీత తెలియదు. పరిమితి ఒక ఒడ్డున పెట్టి ఇంకో ఒడ్డున పెట్టకపోతే ఇక్కడ ఆగిన చేప అక్కడ అమ్ముడవుతుంది. ఇద్దరినీ కూర్చోబెట్టకుండా ఏ రూలు పెట్టినా నేను నమ్మను.

చీరమీను గురించి కూడా అడగాలి. తూర్పు గాలి తిరిగాక అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, చీరలతోనే పడతారు, సేరు లెక్కన అమ్ముతాం, వేలల్లో పలుకుతుంది. ఆ కొద్ది రోజుల రాబడితోనే మాలో చాలామంది పిల్లల ఫీజులు కడతారు. అవి చేప పిల్లలని, పట్టకూడదని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. వాటికి ట్యాగ్ గుచ్చలేరు కదా. అప్పుడు ఎంత పట్టొచ్చో ఎలా తేలుస్తారు? ఊరికే ఆపేయమంటే మాత్రం మేము ఊరుకోం, చూపించి చెబితే వింటాం.

చేపల చదువు

అక్కా, మీరు చెప్పిన మొదటి మాట ఆ బృందానికి చేరాలి. సీషెల్స్‌లో రేవులో దించేచోట ట్యాగులు దొరికాయని మాస్టారు రాశారు కదా, మన దగ్గర ఆ చోటు మీ కత్తిపీటే.

చీరమీనుకి నిజంగానే ట్యాగ్ కుదరదు. దానికి వేరే దారి, సీజన్ మొదలు నుంచి చివరి దాకా రోజూ కొద్దిగా నమూనా తీసి అందులో ఏ ఏ రకాల పిల్ల ఎంత ఉందో విడదీసి చూడటం. ఒక వారంలో ఎక్కువ పండుగప్పో, చందువో పిల్ల కనిపిస్తే ఆ వారం ఆపడం, మిగతా రోజులు వదిలేయడం, అలాంటి పరిమితి పెట్టుకోవచ్చు. మొత్తం నిషేధం తప్ప వేరే దారి లేదనడం నాకూ నచ్చదు.

భైరవపాలెం గారూ, మీ మొదటి ప్రశ్న సూటిగా ఉంది, సూటిగానే చెబుతాను. దాచితే చేప ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, మీ మీద పరిమితి రాదు, నిజమే. కానీ ఆ 2,500 అన్న కాగితాన్ని చదివేది మీరు ఒక్కరే కాదు. ఇంకో పది ఇంజను పడవలకి అనుమతి అడిగేవాడూ చదువుతాడు. మొగ దగ్గర ఏదైనా కట్టాలనుకునేవాడు, కాలుష్యం వదిలేవాడు, చేపలకి ఏ నష్టమూ లేదని చూపించడానికి అదే కాగితం పెడతాడు. రేపు మీరు చేప తగ్గిపోయింది, నష్టపరిహారం ఇవ్వండి అని వెళ్తే, మీ పాయలో పుష్కలంగా ఉందని పరిశోధనే చెబుతోంది అంటారు. అప్పుడు మా ట్యాగులు దాచాం అని చెప్పలేరు కదా. చేప తగ్గిందని మీరు ఇన్నేళ్లు నోటితో చెప్పారు, ఎవరూ వినలేదు. దాన్ని రుజువు చేసే అవకాశం ఇప్పుడు మీ చేతిలోకి వచ్చింది, దాన్ని దాచుకోవద్దని నా కోరిక.

అలాగని ఊరికే ఇచ్చేయమని నేను అనను. మీరు అడిగిన రెండూ న్యాయం. ట్యాగ్ ఇచ్చిన ప్రతి మనిషికీ ఆ చేప ఎక్కడ వదిలారు, ఎన్నాళ్లు తిరిగింది, ఎంత పెరిగింది అన్నది తెలుగులో రాసి తిరిగి ఇవ్వడం ట్యాగింగ్‌లో మామూలు మర్యాద. ఇవ్వకపోతే అడగండి, రెండోసారి వచ్చినప్పుడు అది లేకుండా నావ ఎక్కించుకోకండి. ఏడాది చివర రేవులోనే కూర్చుని మొత్తం లెక్క చెప్పాలని, చెప్పే రోజు మత్స్యశాఖ వాళ్లు కూడా ఉండాలని ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. ఎవరి వల ముందు ఆగుతుంది అన్నదానికి పరిశోధకులు జవాబు ఇవ్వలేరు, వాళ్ల చేతిలో లేదు, కానీ 8 కిలోమీటర్ల లోపల గీసే పడవల్ని ఆపకుండా పాయలో పొడవు రూలు పెట్టకూడదని మీ సంఘం తీర్మానం చేసి ఆ లెక్కతో జతచేసి పంపొచ్చు. లెక్క మీ పేరుతో ఉంటే ఆ తీర్మానానికి బలం వస్తుంది.

భైరవపాలెం నావ

పరిహారం సంగతి మాత్రం మీరు చెప్పింది నిజం, మాకు అది అనుభవమే. చేప తగ్గిందని కాగితం ఎక్కడ అని అడిగితే మా దగ్గర ఏమీ లేక వెనక్కి వచ్చాం. రాయించుకుంటే ఇస్తాను, రాయించుకోకుండా ఇవ్వను. మా రేవులో మాట్లాడతాను. పొడవు రూలు గురించి ఇంకో మాట అనాలి. 120 దాటిన చేపని వదిలేయమంటే ఒక్క చేపతో ఇంటికి వారం గడిచే డబ్బు నీళ్లలో వదిలినట్టే. తల్లి చేప అని తెలిసినా సావుకారు దగ్గర అప్పు ఉన్నవాడు వదలడు. ఆ డబ్బుకి ఏదో దారి చూపించకుండా పెద్ద చేప వదలమని అడగొద్దు, చిన్న చేప వదలమంటే మాత్రం రేపటి నుంచే వదులుతాం, మాకూ కళ్లున్నాయి.

బలుసుతిప్ప కుర్రోడు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. వెయ్యి, 2,500 లెక్క కాగితం మీద వేసి బాబాయికి చూపించాను, ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అంటే మనం దాచితే వాళ్ల పడవలకి దారి ఇచ్చినట్టు" అన్నాడు. ఆదివారం రామాలయం దగ్గర సంఘం మీటింగ్ ఉంది, అక్కడ చెప్పమన్నాడు. ఫలితం తిరిగి తెచ్చి చెప్పాలని, పక్క ఊళ్ల లెక్క మన మీద పెట్టకూడదని, రెండూ రాసుకున్నాను. యానాం అక్క చెప్పినట్టు అమ్మనీ పిన్నినీ కూడా మీటింగ్‌కి రమ్మంటున్నాను, చేప కోసేది వాళ్లే.

రెండు సందేహాలు మిగిలాయి. బాబాయి పట్టిన చేప కొలవకుండానే అమ్మేశాం, ఇప్పుడు ఆ నంబరుకి ఉపయోగం ఉందా? మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పండుగప్పకి వేశారు సరే, పులసకి ఎందుకు వేయరు అని.

చేపల చదువు

ఉపయోగం ఉంది. నంబరు, పడిన రోజు, పడిన చోటు చెబితే ఎంత దూరం కదిలింది, ఎన్నాళ్లు బతికింది అన్నది తెలుస్తుంది. పాటలో తూకం రాసిన చీటీ ఉంటే అది కూడా చెప్పు, తూకం నుంచి పొడవు దాదాపుగా అంచనా వేస్తారు. చోటు చెప్పేటప్పుడు మీవాళ్లు పిలిచే పాయ పేరే చెప్పండి, మ్యాప్‌లో వాళ్లు చూసుకుంటారు.

పులస సంగతి: అది చాలా సుకుమారం. పొలుసు ఇట్టే రాలిపోతుంది, నీళ్లలోంచి తీసిన కాసేపటికే చచ్చిపోతుంది, అందుకే ట్యాగ్ వేయడం కష్టం. అసాధ్యం మాత్రం కాదు, గంగలో ఫరక్కా బ్యారేజీ ఎగువన బారక్‌పూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ వాళ్లు పులసలు వదిలి, కొన్నిటికి ట్యాగులు వేశారు, 1975లో ఆ బ్యారేజీ వచ్చాక చేప పైకి ఎక్కడం దాదాపు ఆగిపోయింది కాబట్టి. మనకి ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచే ఉంది. ఎర్ర నీరు వచ్చాక ఎదురెక్కే చేప అక్కడితో ఆగుతుంది, ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది కాబట్టి ఆ కొద్ది దూరంలోనే వలలన్నీ ఉంటాయి. అక్కడ ట్యాగ్ వేయాలంటే వల వేసేవాళ్లు పట్టిన చేపని బతికుండగా ఇవ్వాలి, ఆ డబ్బు ఎవరో కట్టాలి.

ఇకనుంచి మీవాళ్లకి ట్యాగ్ ఉన్న చేప పడితే ఇలా చేయమను. నోరు మూసి, బల్ల మీద తిన్నగా పడుకోబెట్టి, మూతి చివర నుంచి తోక చివర దాకా టేపుతో కొలవాలి, టేపు కూడా కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీయాలి, ట్యాగ్ మీద నంబరు విడిగా ఇంకో ఫొటో. చేప చిన్నది, బతికే ఉంది, వదిలేద్దాం అనుకుంటే ట్యాగ్ పీకొద్దు, నంబరు మాత్రం రాసుకుని అలాగే వదిలేయండి, మళ్లీ ఎక్కడో పడితే రెండో కబురు దానితోనే వస్తుంది.